ఈ-మెయిలు పెట్టెలో తాలూ గింజా

కళ్ళములో ధాన్యమును తూర్పారబట్టునపుడు గాలి చాలకున్నచో తాలు గింజలతో కలిసి నిలిచిపోవును. గాలి మితిమీరినచో మంచి గింజయు తాలుతో పాటు ఎగిరిపోవును. ఈ రెంటికి నడుమ చేటను నిలుపుటలోనే రైతు నేర్పు కలదు. నేడు కార్యాలయములో ఈ-మెయిలు పెట్టె ముందు కూర్చుండు ఉద్యోగికి కావలసినదియు ఇట్టి నేర్పే.

మన కళాశాల వంటి సంస్థకు ఒక్క దినమున ఎన్ని విధముల ఉత్తరములు వచ్చునో చూడుడు. విశ్వవిద్యాలయ పరీక్షా విభాగపు సర్క్యులరు, ఫీజు గడువు పొడిగింపు, స్కాలర్‌షిప్ దరఖాస్తులలోని లోపములను తెలుపు జాబితా, న్యాక్ వారి సమాచారము, దూరదేశమున పనిచేయుచున్న పూర్వవిద్యార్థి తన సర్టిఫికెట్టు కొరకు వ్రాసిన అర్జీ - ఇవి గింజలు. లాటరీ తగిలినదనియు, అప్పు తేలికగా లభించుననియు, మూడు దినములలో పరిశోధన వ్యాసము అచ్చగుననియు ఊరించు ఉత్తరములు - ఇవి తాలు. ఎవరును కోరకయే, గుంపుగా అనేకులకు ఒక్కమారుగా పంపబడు ఇట్టి ఉత్తరములకు ‘స్పామ్’ అని పేరు. వానిని వేరుపరచు సాధనమునకు ‘ఫిల్టరు’ అని పేరు. స్పామ్ ఎట్లు పుట్టినది, ఫిల్టరు దానిని ఏ విధముగ గుర్తించును, ఫిల్టరు చేయలేని పని ఏది, ఆ పనిని కార్యాలయములో ఎవరు చేయవలెను అను విషయములను ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

పేరు, పుట్టుక

‘స్పామ్’ అనునది మొదట ఒక తినుబండారపు పేరు. అమెరికాలో హార్మెల్ అను కంపెనీవారు 1937లో డబ్బాలో నింపిన మాంసమును ఈ పేరుతో అమ్మజూపిరి. 1970లో ఇంగ్లండులోని మాంటీ పైథాన్ అను హాస్యబృందమువారు టెలివిజనులో ఒక ప్రహసనమును ప్రదర్శించిరి. అందులోని హోటలులో ఇంచుమించు ఏ పదార్థము నడిగినను స్పామ్ కలిసియే యుండును. చివరకు ఆ మాట మారుమ్రోగి ఇతరుల సంభాషణ వినబడకుండ పోవును. అక్కరలేని మాట అక్కరగల మాటను ముంచివేయుట అను ఈ భావమే తరువాత కంప్యూటరు వినియోగదారులకు నచ్చి, పేరు స్థిరపడినది.

పేరు స్థిరపడక పూర్వమే పని మొదలైనది. 1978 మే 3వ తేదీన డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అను సంస్థలో పనిచేయుచున్న గారీ థర్క్, అర్పానెట్ అను ఆనాటి కంప్యూటరు వలయములోని సుమారు 400 మందికి తమ క్రొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మని ఒక్కమారుగా ఉత్తరము పంపెను. 1994 ఏప్రిలులో కాంటర్, సీగెల్ అను ఇద్దరు న్యాయవాదులు అమెరికా గ్రీన్‌కార్డు లాటరీని గూర్చిన ప్రకటనను యూజ్‌నెట్ అను చర్చావలయములోని వేలకొలది బృందములకు పంపి, ఈ పద్ధతికి అపకీర్తితో కూడిన ప్రచారమును కలిగించిరి.

ఇంతగా పెరుగుటకు కారణము

మొదటిది ఖర్చు. పోస్టుకార్డు పంపవలెనన్న ఒక్కొక్క కార్డునకు వెల చెల్లింపవలెను. ఈ-మెయిలులో పదిమందికి పంపినను పదిలక్షల మందికి పంపినను పంపువానికి కలుగు వ్యయములో పెద్ద భేదము లేదు. లక్షలో ఒక్కడు మోసపోయినను వానికి లాభమే. మిగిలినవారి కాలము వృథాయగుట వాని లెక్కలోనికి రాదు.

రెండవ కారణము ఈ-మెయిలు నిర్మాణములోనే కలదు. ఉత్తరమును ఒక కంప్యూటరు నుండి మరియొకదానికి చేరవేయు నియమావళిని జోనథన్ పోస్టెల్ 1982 ఆగస్టులో ప్రకటించెను. దానికి ‘ఎస్.ఎమ్.టి.పి.’ అని పేరు. నాడు వలయములో ఉన్నవి కొలది సంస్థలు మాత్రమే. కావున పంపినవాని పేరు నిజమా కాదా అని పరీక్షించు ఏర్పాటు అందులో చేయబడలేదు. కవరు వెనుక ‘ఫ్రమ్’ అని ఎవరి పేరు వ్రాసినను పోస్టుమాను ప్రశ్నింపడు కదా! ఈ-మెయిలులోను అంతే. పరస్పర విశ్వాసముతో కట్టిన ఇంటికి నేడు తాళములు అమర్చుకొనవలసి వచ్చినది.

సనద్ - మత్న్

ఫిల్టరు చేయు పరీక్షలు ముఖ్యముగా రెండు. వీనిని మన విద్యార్థులకు తెలిసిన ఒక శాస్త్రముతో పోల్చి చెప్పిన సులభముగ బోధపడును. హదీసు పండితులు ఒక వచనమును స్వీకరించుటకు పూర్వము దానిని రెండు విధముల పరీక్షించిరి. ఎవరు ఎవరి వలన విని చెప్పిరి అను పరంపర ‘సనద్’. చెప్పబడిన విషయము ‘మత్న్’. పరంపరలో ఒక్క లంకె తెగినను, ఒక్కని నడవడి సందేహాస్పదమైనను ఆ వచనము బలహీనమగును. ఇమామ్ బుఖారీ (810-870) దేశదేశములు తిరిగి చేసినది ఇట్టి పరిశోధనయే. పవిత్రమైన ఆ శాస్త్రమునకును ఈ యంత్రవిద్యకును సామ్యము పద్ధతి వరకే అని వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ-మెయిలులో సనద్‌ను పరీక్షించు ఏర్పాట్లు మూడు కలవు. మొదటిది ఎస్.పి.ఎఫ్. ఒక సంస్థ తన పేరుతో ఉత్తరములు పంపుటకు ఏయే సర్వర్లకు అధికారము కలదో బహిరంగముగ ప్రకటించియుంచును. జాబితాలో లేని సర్వరు నుండి వచ్చినది అనుమానింపదగినది. రెండవది డీకిమ్. ఉత్తరముపై గణితపద్ధతిలో వేయబడిన ముద్ర యిది. ముద్రవేసిన భాగములలో దారిలో ఒక్క అక్షరము మారినను ముద్ర సరిపోదు. మూడవది 2012లో వెలువడిన డీమార్క్. మనకు కనబడు పేరునకు పై రెండు పరీక్షలలో ఒక్కటైనను అనుకూలముగ లేనిచో ఆ ఉత్తరమును స్పామ్ పెట్టెలో వేయవలెనా, తిరస్కరింపవలెనా అను ఆదేశమును ఆ పేరు గల సంస్థయే ముందుగ ఇచ్చియుంచును. 2024 ఫిబ్రవరి నుండి గూగుల్, యాహూ సంస్థలు గుంపుగా ఉత్తరములు పంపువారికి ఈ మూడింటిని తప్పనిసరి చేసినవి.

ఐనను సనద్ సరిపోయినంత మాత్రమున ఉత్తరము మంచిదని చెప్పుటకు వీలులేదు. మోసగాడు తన స్వంత పేరుతో చక్కని ముద్ర వేసియే పంపవచ్చును. కావున మత్న్ పరీక్షయు కావలెను.

ఒక చిన్న లెక్క

మత్న్ పరీక్షకు ఆధారమైన గణితము థామస్ బేయిస్ అను ఇంగ్లండు మతాచార్యునిది. ఆయన మరణించిన పిదప 1763లో అది అచ్చయినది. దానిని స్పామ్ నివారణకు ఉపయోగించు ప్రయత్నములు 1998లో వెలువడినవి. 2002 ఆగస్టులో పాల్ గ్రహమ్ వ్రాసిన వ్యాసముతో ఆ పద్ధతి విశేష ప్రచారము పొందినది. దాని సారమును ఊహించిన సంఖ్యలతో చూపుదుము.

ఒక కార్యాలయమునకు వచ్చిన 100 ఉత్తరములను చేతితో వేరుచేయగా 60 స్పామ్ అనియు, 40 నిజమైనవనియు తేలిన వనుకొందము. ‘బహుమతి’ అను మాట స్పామ్ ఉత్తరములలో 30 యందును, నిజమైన వానిలో ఒక్కదానియందును కనబడినది. ఇకపై ఆ మాట గల ఉత్తరము వచ్చినచో అది స్పామ్ అగుటకు 31లో 30 పాళ్ళు, అనగా నూటికి సుమారు 97 పాళ్ళు అవకాశము కలదు. ‘స్కాలర్‌షిప్’ అను మాట స్పామ్‌లో 12 యందును, నిజమైన వానిలో 18 యందును కలదు. అనగా నూటికి 40 పాళ్ళు. ఈ ఒక్క మాటను పట్టి తీర్పు చెప్పలేము. ‘హాల్‌టికెట్టు’ అను మాట స్పామ్‌లో 3 యందు, నిజమైన వానిలో 16 యందు కలదు.

ఇపుడు మాటలను కలిపి చూతము. ఆరంభమున స్పామ్‌కు, నిజమైన వానికి గల నిష్పత్తి 3:2. ‘బహుమతి’ స్పామ్‌లో సగమునందును, నిజమైన వానిలో నలువదవ వంతునందును ఉన్నది. కావున అది ఆ నిష్పత్తిని 20 రెట్లు పెంచును. ‘స్కాలర్‌షిప్’ దానిని 4/9 వంతునకు, ‘హాల్‌టికెట్టు’ 1/8 వంతునకు తగ్గించును. ‘స్కాలర్‌షిప్’, ‘బహుమతి’ రెండును గల ఉత్తరమునకు 3/2 × 20 × 4/9, అనగా 40:3. అది స్పామ్ అగుటకు నూటికి 93 పాళ్ళు అవకాశము. ‘స్కాలర్‌షిప్’, ‘హాల్‌టికెట్టు’ గల ఉత్తరమునకు 3/2 × 4/9 × 1/8, అనగా 1:12. నూటికి సుమారు 8 పాళ్ళు మాత్రమే. ఒక మాటకు మరియొక మాటతో సంబంధము లేదని తలచి వేసిన లెక్క యిది. నేటి ఫిల్టర్లు ఇంతకంటె ఎంతయో సూక్ష్మముగ పనిచేయుచున్నవి. ఐనను మూలసూత్రము ఇదియే: ఫిల్టరు ఉత్తరమును అర్థము చేసికొనదు, గతములో మనము చేసిన విభజనను పట్టి అంచనా వేయును.

దీని నుండి రెండు విషయములు తేలుచున్నవి. స్పామ్‌ను ఊరక చెరిపివేయు ఉద్యోగి ఫిల్టరునకు ఏమియు నేర్పుట లేదు. ‘స్పామ్’ అని గుర్తుపెట్టువాడు నేర్పుచున్నాడు. విసుగుతో నిజమైన సర్క్యులరునకు ఆ గుర్తు పెట్టువాడు తప్పు పాఠమును నేర్పుచున్నాడు. ఇక రెండవది మన భాషలకు సంబంధించినది. ఫిల్టరు ఇదివరకు చూచిన తెలుగు, ఉర్దూ ఉత్తరములు స్వల్పమైనచో, ఆ మాటలను గూర్చి దానికి సాక్ష్యము స్వల్పముగనే యుండును. అందుచేత ఈ భాషలలో వచ్చు ఉత్తరముల విషయమున మనుష్యుని కన్ను మరింత అవసరము.

రెండు తప్పులు, రెండు ధరలు

ఫిల్టరు చేయదగిన తప్పులు రెండే. తాలును గింజ అనుట ఒకటి. గింజను తాలు అనుట రెండవది. ఒకదానిని తగ్గింపబోయిన రెండవది పెరుగును. గాలి చాలకపోవుట, మితిమీరుట అని పైన చెప్పినది దీనినే. ఐతే ఈ రెండు తప్పుల ధర సమానము కాదు. ఇరువది స్పామ్ ఉత్తరములు పెట్టెలోనికి వచ్చిన గుమాస్తాకు కొన్ని నిమిషములు పోవును. ఒక్క నిజమైన ఉత్తరము స్పామ్‌లో పడిపోయిన ఏమి పోవును?

మే మెరిగిన ఒక కళాశాలలో, కొందరు విద్యార్థుల బ్యాంకు ఖాతా వివరములను సరిచేసి పంపుమని వచ్చిన ఉత్తరము స్పామ్ పెట్టెలో పడియుండగనే గడువు దాటిపోయినది. ఆ జాబితాలో ఏడు పేర్లు కలవు. ఒకరి తండ్రి ఆటో నడుపువాడు, మరియొకరి తల్లి బీడీలు చుట్టునది. ఆ ఏట వారికి రావలసిన సొమ్ము రాలేదు. ఒక అమ్మాయి రెండవ సంవత్సరములో చదువు మానినది. ఫిల్టరు తప్పు చేసినదనుట నిజమే. కాని స్పామ్ పెట్టెను చూచుట ఫలానావారి పని అని ఎవరికిని అప్పగింపబడియుండలేదు. తప్పుచేయుట యంత్రమునకు సహజము, దానిని దిద్దువాడు లేకుండుట కార్యాలయ లోపము. పైగా జీమెయిలులో స్పామ్ పెట్టెలోని ఉత్తరములు 30 దినముల పిదప వానంతట అవియే చెరిగిపోవును. అటుపై వెదకినను ఫలము లేదు.

తరచుగా కనబడు వేషములు

మొదటి వేషము పరిశోధన పత్రికలది. అధ్యాపకులను ‘ఆచార్యవర్యా’ అని సంబోధించి, వ్యాసము పంపిన కొలది దినములలో అచ్చువేయుదుమని చెప్పి రుసుము గుంజుదురు. అమెరికాలో గ్రంథపాలకుడైన జెఫ్రీ బీల్ ఇట్టివానిని ‘వేట పత్రికలు’ అను అర్థమిచ్చు పేరుతో పిలిచి, జాబితాలు తయారుచేసెను. మన దేశమున యు.జి.సి. వారు నడపిన ‘కేర్’ జాబితా 2025లో నిలిపివేయబడినది. కావున మంచి చెడ్డలు నిర్ణయించు భారము ఇపుడు అధ్యాపకులపైనను, సంస్థలపైనను పడినది.

రెండవది ప్రిన్సిపాలు గారి వేషము. ‘మీటింగులో ఉన్నాను, ఫోను చేయవద్దు, వెంటనే గిఫ్టు కార్డులు కొని వాని సంఖ్యలు పంపుము’ అని వచ్చును. పేరు ప్రిన్సిపాలు గారిదే, చిరునామా వారిది కాదు. తొందరపెట్టుట, రహస్యముగ ఉంచుమనుట, ఫోను వలదనుట - ఈ మూడును కలిసిన చోట మోసము కలదని నిశ్చయింపవచ్చును.

మూడవది ‘మీ పెట్టె నిండినది, పాస్‌వర్డు ఇచ్చట వ్రాయుడు’ అను బెదిరింపు. నాల్గవది బిల్లు లేక రశీదు రూపమున ఉత్తరమునకు జతపరచిన ఫైలు. 2000 మేలో లోకమంతట వ్యాపించిన ‘ఐ లవ్ యూ’ వైరసు ప్రేమలేఖ అను పేరుగల ఫైలు రూపమున, తెలిసినవారి చిరునామాల నుండియే వచ్చినది. కావున తెలిసినవారు పంపినదైనను ఎదురుచూడని ఫైలును అడుగక తెరువరాదు.

వేషమును గుర్తించుటలో మన కళాశాల విద్యార్థులకు ఒక సౌకర్యము కలదు. ఉర్దూలో ‘దుఆ’ అను మాటకు ఒక్క నుక్తా చేరినచో ‘దగా’ అగును. అక్షరములపై ఇట్టి శ్రద్ధ మీకు చిన్ననాటి నుండి అలవడినదే. మోసగాండ్రు చిరునామాలో ‘ఓ’ అను ఇంగ్లీషు అక్షరమునకు బదులు సున్నను, ఇంగ్లీషు ‘ఏ’ అక్షరమునకు బదులు దానినే పోలిన రష్యన్ అక్షరమును వాడుదురు. మరియు వెబ్ చిరునామాలలోని సంస్థ పేరును ఉర్దూవలె కుడి నుండి ఎడమకు చదువవలెను. ప్రభుత్వ చిరునామాలో ఆ పేరు ‘గవ్ డాట్ ఇన్’ లేక ‘నిక్ డాట్ ఇన్’ అని ముగియును. ‘గవ్ డాట్ ఇన్’ నడుమ ఉండి, దాని తరువాత వేరొక పేరును ‘డాట్ కామ్’ను వచ్చినచో అది ప్రభుత్వమువారిది కాదు.

కార్యాలయమున పాటింపదగిన నియమములు

1. ప్రతిదినము ఉదయమొకమారు, సాయంత్రమొకమారు స్పామ్ పెట్టెను చూచుట ఒక ఉద్యోగికి పేరుతో అప్పగింపవలెను. ఆ ఉద్యోగి సెలవులో ఉన్నపుడు చూడవలసినవారి పేరును వ్రాతమూలకముగ నిర్ణయింపవలెను.

2. విశ్వవిద్యాలయము, స్కాలర్‌షిప్ కార్యాలయము మున్నగువారి నిజమైన చిరునామాలను పరిచితుల జాబితాలో చేర్చి, అవి స్పామ్‌లోనికి పోకుండ ఫిల్టరు నియమమును ఏర్పరుపవలెను.

3. స్పామ్‌ను చెరిపివేయక గుర్తుపెట్టవలెను. తప్పిపోయి అందు పడినదానికి ‘స్పామ్ కాదు’ అని గుర్తుపెట్టవలెను.

4. అపరిచితుల స్పామ్‌కు ప్రత్యుత్తరము వ్రాయరాదు, అందులోని ‘అన్‌సబ్‌స్క్రైబ్’ లింకును నొక్కరాదు. నొక్కినచో ఈ చిరునామాలో మనుష్యు డొకడు కలడని వానికి తెలియును. మనము కోరి తెప్పించుకొన్న పత్రికల విషయమున మాత్రము ఆ లింకు ఉపయోగకరము.

5. ప్రకటనలలో ముద్రించు చిరునామా వేరు, లెక్కలు, స్కాలర్‌షిప్‌లు చూచు చిరునామా వేరుగ ఉండవలెను.

6. పాస్‌వర్డుతో పాటు ఫోనుద్వారా ధ్రువపరచు రెండంచెల పద్ధతిని పాటింపవలెను.

7. సొమ్ము, బ్యాంకు ఖాతా మార్పులకు సంబంధించిన ఏ ఉత్తరమునైనను, మనకు ఇదివరకే తెలిసిన సంఖ్యకు ఫోనుచేసి నిర్ధారించుకొనక అమలుపరుపరాదు. ఉత్తరములో ఇచ్చిన సంఖ్యకు ఫోను చేయుట దొంగనే సాక్షిగ పిలుచుట వంటిది.

మోసము జరిగినచో క్షణమైనను ఆలస్యము చేయక 1930 అను సంఖ్యకు ఫోనుచేసి తెలుపవలెను. కంప్యూటరు మూలముగ మారువేషముతో మోసగించుట సమాచార సాంకేతిక చట్టములోని 66-డి సెక్షను క్రింద మూడేండ్ల వరకు శిక్షకు పాత్రమైన నేరము.

మన ఉత్తరములు స్పామ్ కాకూడదు

ఇతరుల స్పామ్‌ను నిందించునపుడు మన ఉత్తరములు విద్యార్థుల స్పామ్ పెట్టెలలో పడుచున్నవేమో అనియు చూచుకొనవలెను. విషయము వ్రాయు చోట ‘అర్జెంటు’ అని మాత్రము వ్రాసి, లోపల ఒక్క ముక్కయు వ్రాయక ఫైలు జతపరచి, వందలమందికి ఒక్కమారుగ పంపిన ఉత్తరమునకును స్పామ్‌కును భేదమును యంత్ర మెట్లు కనిపెట్టగలదు? ‘బి.ఏ. రెండవ సంవత్సరము - పరీక్ష ఫీజు గడువు’ అని స్పష్టముగ వ్రాయవలెను. కళాశాల స్వంత పేరు గల చిరునామా నుండియే పంపవలెను. పైన చెప్పిన మూడు సనద్ ఏర్పాట్లు ఆ పేరునకు అమర్చబడి ఉన్నవా అని నిపుణులచే పరీక్షింపజేయవలెను. గడువు గల సమాచారమును నోటీసుబోర్డుపైనను ఉంచవలెను.

ముగింపు

ఖర్చుతో కూడిన యంత్రములను కొనుమని కమిటీ పెద్దలను మేము కోరుట లేదు. ఒక ఉద్యోగికి ఒక బాధ్యత, రోజునకు పావుగంట కాలము, పై నియమములు వ్రాసిన ఒక కాగితము - ఇంతమాత్రము చాలును. ప్రియ విద్యార్థులారా! రేపు మీరును ఏదో ఒక కార్యాలయమున పెట్టె ముందు కూర్చుందురు. ప్రతి ఉత్తరము వెనుకను ఎవరు వ్రాసిరి అను ప్రశ్నతో పాటు ఎవరు ఎదురుచూచుచున్నారు అను ప్రశ్నయు కలదు. మొదటి ప్రశ్నకు ఫిల్టరు కొంతవరకు సమాధానము చెప్పగలదు. రెండవదానికి చెప్పవలసినవారు మీరే.